అరతులం అందరికీ ఒకటే... అర్పణ మాత్రం స్థోమతను బట్టి!

జూన్ నెల వచ్చిందంటే మన సంఘాల్లో ప్రార్థన విన్నపాల తీరు మారిపోతుంది. సీటు కోసం ప్రార్థించమని కొందరు అడుగుతారు. వచ్చిన సీటుకు ఫీజు సమకూడేలా ప్రార్థించమని ఇంకొందరు అడుగుతారు. మదనపల్లె టమాటా మార్కెట్టులో బరువులు మోసే తండ్రి, పుంగనూరులో కూలికి వెళ్లే తల్లి, కుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లే అన్న... వీళ్ల కష్టార్జితమంతా చివరికి ఏదో ఒక కాలేజీ ఫీజు కౌంటరుకే చేరుతుంది. అందుకే, 'బాగా డబ్బున్న పెద్ద విశ్వవిద్యాలయాలు అసలు ఫీజే లేకుండా అందరికీ చదువు చెప్పవచ్చు కదా?' అని అమెరికాలో సాగుతున్న చర్చ మనకు దూరపు సంగతి కాదు.

ముందు ఆ చర్చ ఏమిటో చూద్దాం. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి దాతలిచ్చిన సొమ్ముతో పెరిగిన నిధి 2024 నాటికి 5,300 కోట్ల డాలర్లు దాటింది. అంత నిధి ఉండీ ఫీజు ఎందుకని ప్రజలు అడగడం సహజమే. ఏడాదికి 2 లక్షల డాలర్లలోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు డిగ్రీ చదువులో ట్యూషన్ ఫీజు ఉండదని ఆ సంస్థ 2025 మార్చిలో ప్రకటించింది. అంతకుమించి ఆదాయమున్నవారికి ఆ హామీ లేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల మాత్రం 2018లోనే పేద, ధనిక తేడా లేకుండా తన విద్యార్థులందరికీ ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. 2024లో అదే నగరంలోని ఐన్‌స్టీన్ వైద్య కళాశాలకు, ఒకప్పుడు అక్కడే పాఠాలు చెప్పిన రూత్ గాట్స్‌మన్ 100 కోట్ల డాలర్లు ఇచ్చారు. దాంతో అక్కడా ఫీజు పోయింది.

అంటే ఎదుట రెండు దారులున్నాయి. అందరికీ ఉచితం అనేది ఒకటి. స్థోమతను బట్టి ఫీజు అనేది రెండోది. వీటిలో ఏది న్యాయం?

విచిత్రమేమిటంటే ధర్మశాస్త్రంలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. ఇశ్రాయేలీయులను లెక్కించినప్పుడు ప్రతి మనిషీ ప్రాణపరిక్రయ ధనంగా అరతులం వెండి ఇవ్వాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు (నిర్గమకాండము 30:15). దేవుని ఎదుట మనిషి విలువలో హెచ్చుతగ్గులు లేవని దాని భావం. అర్పణల విషయానికి వచ్చేసరికి లెక్క వేరు. గొర్రెపిల్లను తేలేని తల్లి రెండు పక్షులను తెస్తే చాలు (లేవీయకాండము 12:8). మరో అర్పణలో పక్షులను కూడా తేలేనివాడికి కొద్దిపాటి గోధుమపిండితో సరిపెట్టుకునే వీలుంది (లేవీయకాండము 5:11). బాలయేసును దేవాలయానికి తెచ్చిన మరియ, యోసేపులు పక్షుల అర్పణతోనే లోపలికి వెళ్లారు (లూకా 2:24). ఆ రోజు నియమం గొర్రెపిల్ల ఒక్కటే అయివుంటే ఆ కుటుంబం గుమ్మం దగ్గరే ఆగిపోయేది. విలువ అందరికీ సమానం, భారం మాత్రం స్థోమత కొద్దీ. ఈ రెంటినీ కలిపి పట్టుకుంటేనే న్యాయం.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. కుప్పంలో ప్రైవేటు వైద్య కళాశాల ఉంది. రాష్ట్రంలోని ఇలాంటి కళాశాలల్లో సీట్లను మూడు కేటగిరీలుగా విభజించారు. 2020లో ఖరారైన ఫీజుల ప్రకారం ఎంబీబీఎస్ 'ఎ' కేటగిరీ సీటుకు ఏడాదికి 15 వేలు, 'బి' సీటుకు 12 లక్షలు, 'సి' సీటుకు 36 లక్షలు. ఆ తర్వాత అవి ఇంకా పెరిగాయి. ఒకే తరగతి, ఒకే పాఠం, ఒకే పట్టా, ఫీజులు మాత్రం మూడు! పైకి ఇది స్థోమతను బట్టి పెట్టిన భారంలాగే కనిపిస్తుంది. నిజానికి ఇది ర్యాంకును బట్టి పెట్టిన భారం. లక్షలు పోసి రెండేళ్లు కోచింగ్ ఇప్పించగలిగిన ఇంటి బిడ్డ మంచి ర్యాంకుతో 15 వేల సీటులో కూర్చోవచ్చు. కోచింగ్ మొహం చూడని కూలివాని బిడ్డ నాలుగు మార్కుల తేడాతో ఆ సీటు పోగొట్టుకుంటే ఆ బిడ్డకు మిగిలేది 12 లక్షల సీటు. అంటే ఏమీ మిగలనట్టే.

'అందరికీ ఉచితం' అన్న మాటలోని చిక్కు ఇక్కడే ఉంది. అది లోపలికి వెళ్లగలిగిన అందరికీ ఉచితమే గాని, బయట నిలబడినవారికి దానితో పనిలేదు. సీట్లు పెరగకుండా ఫీజు మాత్రమే పోతే పోటీ పెరుగుతుంది. పోటీ పెరిగితే బాగా సిద్ధపడినవాడు గెలుస్తాడు. బాగా సిద్ధపడటానికి డబ్బు కావాలి. చివరికి ఉచితం కూడా ఉన్నవాడి ఇంటికే చేరుతుంది.

మన సంఘాల్లో చాలామందికి మరో చిక్కూ ఉంది. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైన కుటుంబాలు మన రాష్ట్రంలో బీసీ-సి గ్రూపులోకి వస్తాయి. ఆ గ్రూపుకున్న రిజర్వేషన్ ఒక్క శాతం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు ఎన్నో పేద ఇళ్లకు తొలి ఇంజినీరును ఇచ్చిన మాట నిజం. 2019 తర్వాత అది విద్యాదీవెన అయింది. ఏ పేరుతో ఉన్నా, సొమ్ము ఆలస్యమైనప్పుడు నలిగేది విద్యార్థే. అయినా ఆ సాయం సీటు వచ్చిన తర్వాతి సంగతి. సీటు దాకా చేర్చే సాయం ఇంకా తక్కువే.

అందరికీ ఉచితం కావాలనేవారి మాటలోనూ బలముంది. పేదరికాన్ని నిరూపించుకోవడానికి ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం అవమానకరం. ఫీజు అంకె చూసి భయపడి, రాయితీ వస్తుందని తెలియక, దరఖాస్తే పెట్టని బిడ్డలుంటారు. రాయితీ పొందినవాడిని తోటివారు చిన్నచూపు చూడవచ్చు. అరతులం నియమం గుర్తుచేసేది ఈ గౌరవాన్నే. కాబట్టి స్థోమతను బట్టి ఫీజు తీసుకునే సంస్థ ఆ లెక్కను గుట్టుగా, గౌరవంగా చేయాలి. ఎవరు ఎంత కట్టారో తరగతి గదిలో తెలియకూడదు.

రెండింటినీ కలిపిన సంస్థలు లేకపోలేదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బెరియా కళాశాలను 1855లో జాన్ ఫీ అనే పాస్టరు స్థాపించాడు. బానిసత్వాన్ని ఎదిరించిన దైవజనుడాయన. 1892 నుంచి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు. అయితే ముఖ్యంగా తక్కువ ఆదాయమున్న ఇళ్ల పిల్లలనే చేర్చుకుంటారు. చేరిన ప్రతి విద్యార్థీ క్యాంపస్‌లో వారానికి కొన్ని గంటలు పని చేయాలి. అక్కడ ఉచితం అందరిదీ, పని అందరిదీ.

అంత దూరం ఎందుకు? మన పొరుగునే వేలూరు సీఎంసీ ఉంది. మదనపల్లె, పుంగనూరులలో పరిచర్య చేసిన ఆర్కాటు మిషన్‌ను 1853లో ప్రారంభించింది స్కడర్ కుటుంబం. ఆ కుటుంబపు ఆడపడుచు ఐడా స్కడర్ 1918లో వేలూరులో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. దేశంలోని మేటి వైద్య కళాశాలల్లో ఒకటిగా ఎదిగాక కూడా అక్కడ ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు ఏడాదికి కొన్ని వేల రూపాయలే. మిగతా భారాన్ని ఆస్పత్రి ఆదాయం, దాతల కానుకలు మోస్తాయి. కానీ అది ఊరికే ఇచ్చే ఉచితం కాదు. సంఘాల సిఫారసుతో చేరినవారు పట్టా పొందాక మిషన్ ఆస్పత్రుల్లో నిర్ణీత కాలం సేవ చేయాలి. ఉచితంగా పొందినవారు ఉచితంగా ఇవ్వాలన్న ప్రభువు ఆజ్ఞకు (మత్తయి 10:8) ఇది ఆచరణ రూపం. ఎక్కువ పొందినవాని దగ్గర ఎక్కువ అడుగుతారన్నదీ (లూకా 12:48) ఆయన మాటే.

మదనపల్లె ఆరోగ్యవరం కూడా మనకో పాఠం. క్షయరోగుల కోసం 1915లో అక్కడ వెలసిన శానిటోరియం ఏ ఒక్క మిషన్ సొత్తూ కాదు. అనేక ప్రొటెస్టెంటు మిషన్లు చేతులు కలిపి దాన్ని నిలబెట్టాయి. ఒక్కరివల్ల కానిది పదిమంది వల్ల అయింది.

అదే మదనపల్లెకు ప్రభుత్వ వైద్య కళాశాల కోసం 2021లో శంకుస్థాపన జరిగింది. దాన్ని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో చేపట్టాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. త్వరగా పూర్తవుతుందని ఒక పక్షం, పేదలకు వైద్యవిద్య దూరమవుతుందని మరో పక్షం వాదిస్తున్నాయి. విశ్వాసులు ఏ పక్షాన ఉన్నా అడగవలసిన ప్రశ్నలు మూడు. ఎన్ని సీట్లు తక్కువ ఫీజుకు దొరుకుతాయి? ఆ సీట్లు స్థోమత లేనివారికి చేరే ఏర్పాటు ఉందా? అక్కడ చదివినవారు ఈ పల్లెలకు తిరిగి ఏమిస్తారు?

ఇవే ప్రశ్నలు మన సంస్థలనూ అడగాలి. తీర్పు దేవుని ఇంటినుంచే మొదలవుతుంది కదా (1 పేతురు 4:17). పేదల పేరిట మిషనరీలు సంపాదించిన స్థలాల్లో నడుస్తున్న మన బడుల్లో సంఘంలోని అతి పేద విశ్వాసి బిడ్డ కూర్చోగలుగుతున్నాడా? కారులో వచ్చే విశ్వాసి కూడా ఫీజు తగ్గించమని పాస్టరుగారి చేత ఉత్తరం రాయించుకుంటే, ఆ తగ్గింపు ఎవరి భాగంలోంచి పోయినట్టు?

గొప్ప విశ్వవిద్యాలయాలు అందరికీ ఉచితం కావడం మంచి కలే. అంతకంటే ముందు జరగాల్సింది సీట్లు పెరగడం, గుమ్మం తగ్గడం, కట్టగలిగినవాడు సంతోషంగా కట్టడం. మన స్థాయిలో అది ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. ప్రతి సంఘం కృతజ్ఞతార్పణలో ఒక భాగాన్ని చదువుల నిధిగా వేరుచేయవచ్చు. రిటైరైన టీచర్లు ప్రార్థనా మందిరంలోనే సాయంత్రాలు లెక్కలు, సైన్సు చెప్పవచ్చు. ఆ సాయంతో పైకొచ్చిన బిడ్డ మరో బిడ్డ చేయి పట్టుకోవచ్చు. పక్షుల అర్పణతో లోపలికి వెళ్లిన కుటుంబంలోనే రక్షకుడు పెరిగాడు. గుమ్మం బయట మనం నిలబెట్టిన బిడ్డల్లో దేవుడు ఎవరిని ఏ పనికి ఏర్పరచుకున్నాడో మనకేం తెలుసు?