చెరువు గట్టున మొదటి పాఠము

కెమెరా చేతబట్టిన ప్రతివాడును అందమైన చిత్రమునకై ఎదురుచూచును. నగరపు చెరువు గట్టున కూర్చుండి బాతులను చిత్రింపబూనిన కొత్తవానికి అది అంత సులభముగ లభింపదు. నీటి తళుకు నడుమ ఒక నల్లని మచ్చ, ఎగిరిపోయిన రెక్కల మసక, ఒక్కొక్కమారు ఉత్త నీరు: తొలినాటి సంపాదన ఇంతే. అయినను ఈ వైఫల్యము మంచి చదువులో ఒక భాగము. మన బడిపిల్లలకు తప్పక అందవలసిన భాగము.

హైదరాబాదు చెంత అమీన్‌పూర్ చెరువు ఇందుకు తగిన తావు. కుతుబ్‌షాహీల కాలమునాటి ఈ తటాకమును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగ ప్రకటించిరి. చుక్కమూతి బాతులు ఈ ప్రాంతపు చెరువులలో ఏడాది పొడవునను ఉండును. సూదితోక బాతులు శీతకాలమున ఉత్తర దేశములనుండి వచ్చును.

నిలుచుండి, సూర్యునికెదురుగ చిత్రము తీయుట కొత్తవాని మొదటి పొరపాటు. నీటి మెరుపునకు మోసపోయి యంత్రము వెలుతురు తగ్గించును. పక్షి చీకటి బొమ్మగ మారును. ఉదయపుటెండను వీపున నుంచుకొని, నీటి మట్టమునకు దగ్గరగ కూర్చుండి, పక్షి కంటిపై గురి నిలిపినచో సగము చిక్కు తీరును. ఈదుచున్న బాతునకు సెకనులో 500వ వంతు, ఎగురుచున్న దానికి 1000వ వంతు కాలము షట్టరు తెరచిన చాలును. ఈ కొలతలు ఒక్క ఉదయమున నేర్వవచ్చును. చూచుట నేర్వవలెనన్న నెలలు పట్టును.

నల్లని మేను, నుదుట తెల్లని నామము గల నామాలకోడిని కొత్తవాడు బాతుగనే ఎంచును. ఇంటికి వచ్చి చిత్రమును పెద్దది చేసి చూచినపుడు ముక్కు చదునుగ లేదు, మొనదేరి యున్నది. కాలివ్రేళ్ల నడుమ బాతునకుండు చర్మమును లేదు. తన తప్పును తానే కనిపెట్టిన బాలుడు ఆ భేదమును ఎన్నటికిని మరువడు. మరియొకటి: శీతకాలారంభమున వచ్చు సూదితోక మగబాతులు పెక్కు ఆడువానివలె మాసిన గోధుమవన్నెతో నుండును. కొన్ని వారములలో కొత్త ఈకలు మొలచి, రొమ్ము తెల్లబడి, తోక సాగును. ఈ మార్పు ఒక్క చిత్రమున కానరాదు. వారము వారము తీసిన చిత్రములే చెప్పగలవు. కావున తేదీయు తావును వ్రాయని చిత్రము సగము చిత్రమే. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమున జరిపిన పక్షుల పరిశీలన నేటికిని పనికివచ్చుచున్నదన్న, ఏ పక్షి ఎచ్చట ఎప్పుడు కనబడెనో వ్రాసియుంచుటయే కారణము.

పిల్లల చేతికి కెమెరా ఇచ్చినచో పక్షులను బెదరింతురని కొందరు సందేహింతురు. ఆ సందేహము అకారణము కాదు. రెక్కలు విప్పిన బొమ్మ కొరకు గుంపుపై రాయి విసరు పెద్దలును కలరు. వేల మైళ్లు ఎగిరి వచ్చి, తిరుగు ప్రయాణమునకు బలము కూర్చుకొను ప్రాణికి అట్టి ప్రతి పరుగును నష్టమే. ఉపాధ్యాయుడు ఇచ్చట ఒక కట్టడి నేర్పవలెను. బాతులు మేత మాని తలలెత్తినచో, అంతటితో ఆగి, ఒక అడుగు వెనుకకు వేయవలెను. పక్షిని చెదరగొట్టి తెచ్చిన చిత్రము ఎంత చక్కనిదైనను తరగతిలో మెప్పు పొందరాదు.

ఇందుకు విలువైన పరికరమేమియు అక్కరలేదు. చేతిఫోనులో బాతు చుక్కయంతయే పడవచ్చును. లెక్కించుటకు అది చాలును. పదిమంది పిల్లలు, ఒక్క కెమెరా, ఒక నోటుపుస్తకము, నెలకొక ఆదివారము ఉదయము చాలును. మూడు శీతకాలములు అట్లు వ్రాసిన పిల్లలు నాలుగవ యేట బాతులు తగ్గినచో ఎందుకు తగ్గినవని అడుగుదురు. గట్టున మట్టి పోసి చెరువును కొంచెము కొంచెముగ పూడ్చువారికి, తేదీలతో సహా ప్రశ్నించు ఆ పిల్లలకు సమాధానము చెప్పుట సులభము కాదు.