బండి మొరాయిస్తే ముందు చెవి పెట్టండి

పోయిన నెల కుట్టుమిషను దారం ఎందుకు తెగుతదో రాసిన. ఈ నెల మిక్సీ గురించి రాద్దామనుకున్న గానీ, నడుమ ఒక పాత ఫియట్ కారు వచ్చి పడ్డది.

మన ఇండ్లలో కారు ఎవరికుంది అని పేజీ తిప్పకండి. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైనంక, మనోళ్లు కొందరు ఈ బండి స్టీరింగు పట్టుకునే పిల్లల కడుపు నింపిండ్రు. నేనూ అందులో ఒకణ్ణి. పగలు యూనియన్ సభలు, రాత్రి ఇంకొకరి టాక్సీ. మిల్లు మళ్లీ తెరిచి నన్ను లోపలికి తీసుకున్నదాకా ఆ బండే నాకు అన్నం పెట్టింది.

ఈ బండ్లను కుర్లాలోని ప్రీమియర్ ఫ్యాక్టరీలో చేసేటోళ్లు. మొదట ఫియట్ 1100, 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. మన నోట మాత్రం ఎప్పుడూ ఫియటే. నాలుగు సిలిండర్లు, 1089 సీసీ, కార్బురేటర్ ఇంజను. చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబర్ 29న తాడ్‌దేవ్ ఆర్టీవోలో రిజిస్టరైంది. 20 ఏండ్లు నిండి 2023 అక్టోబర్ చివర్ల అది కూడా రోడ్డు దిగింది. టాక్సీలు పోయినయి గానీ, ఇంటి బండ్లు అక్కడక్కడ ఇంకా ఉన్నయి.

అట్లాంటిదే ఒకటి మా చాల్ వెనుక గల్లీల ఉంది. దాని ఆసామి నాతోని వీవింగ్ ఖాతాల పనిచేసిన అన్న. ముసలితనంల ముచ్చటపడి కొనుక్కున్నడు. పోయిన ఏడు కాలం చేసిండు. బండి ఏడాదిగా కవరు కిందనే ఉండె. మొన్న కొడుకు మెకానిక్‌ను పిలిపిస్తే, ఆయన కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పిండు. ఇంజను బరువుగా ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. "జామైంది. ఇంజను మొత్తం విప్పాలె, 40,000 అయితది" అన్నడట. భంగార్ దుకాణం మనిషి సోమవారం వచ్చి తూకానికి తీసుకుపోతానన్నడు.

శనివారం సాయంత్రం వదినె మా ఇంటికొచ్చింది. "అమ్ముతే అమ్ముదాం తమ్మీ. గాని నిజంగనే సచ్చిందా, సచ్చిందని చెప్తున్నరా? ఒక్కసారి నువ్వు చూడు" అన్నది. ఆ మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలే.

సాంచా ఆగితే జాబర్ ఏం జేస్తడు? సాంచా పోయిందనడు. ఏ పోగు తెగిందో చూస్తడు. బండికి కూడా అంతే. స్టార్ట్ కాని ఇంజనును వరుసగా నాలుగు మాటలు అడగాలి. సెల్ఫ్ గట్టిగా తిప్పుతుందా? ప్లగ్గుల కరెంటు వస్తుందా? పెట్రోలు అందుతుందా? ఈ మూడూ సరిగ్గా ఉన్నంకనే నాలుగోది, లోపల బలం ఉందా? మెకానిక్ నాలుగోదాన్నే ముందు పెట్టిండు. ఖర్చు కూడా దానికే ఎక్కువ.

ఆదివారం పొద్దున పిల్లగాన్ని వెంట పెట్టుకొని కూసున్న. ముందు ఇంజనాయిల్ చూసినం. మట్టం సరిగ్గానే ఉంది, పాలు కలిసిన చాయ్ రంగు లేదు. ఆ రంగు ఉంటే నూనెల నీళ్లు కలిసినట్టు, అట్లాంటి ఇంజనును తిప్పొద్దు. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క బెజ్జంల అర చెంచా నూనె పోసి పావుగంట ఆగినం. తరువాత నాలుగో గేరుల పెట్టి బండిని నెమ్మదిగా నెట్టినం. ముందల ఫ్యాను తిరిగింది. ఫ్యాను తిరిగిందంటే ఇంజను తిరిగినట్టే, జాము కాలేదు. "కాకా, మరి ఆయన జామైందన్నడు కదా?" అన్నడు పిల్లగాడు. "ఆయన మూలుగు విన్నడు, నెట్టి చూడలే" అన్న.

ప్లగ్గులు మళ్లీ బిగించి, బండిని న్యూట్రల్‌ల పెట్టి, హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టమన్న. లైటు మొత్తం ఆరిపోతే బ్యాటరీలనో, దాని టర్మినళ్లనో లోపం. లైటు ఎప్పటిలెక్కనే వెలుగుతూ సెల్ఫ్ అసలే పలకకపోతే, సెల్ఫ్‌కు పోయే వైరు, స్విచ్చి చూడాలి. ఇక్కడ లైటు కొద్దిగానే తగ్గింది, సెల్ఫ్ మాత్రం మూలుగుతుంది. టర్మినళ్ల మీద తెల్లపొడి లేదు. అప్పుడు చోక్ వైరు మీద చెయ్యి పెట్టి చూసిన. వేడిగా ఉంది! చోక్ వైరు ఎందుకు కాలాలి?

కారణం చెప్తా. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటది. సెల్ఫ్ తిప్పిన కరెంటు బ్యాటరీకి తిరిగి పోవాలంటే ఇంజనుకూ బాడీకీ నడుమ ఒక అల్లిక రాగి పట్టీ ఉంటది, అర్థింగ్ పట్టీ అంటరు. అది కుళ్లిపోతే అంత కరెంటూ దొరికిన సన్నదారి పడుతది. ఇక్కడ చోక్ వైరు పట్టింది. వైరు సన్నం, కరెంటు ఎక్కువ, అందుకే వేడి. జంపర్ కేబుల్ ఒకటి తెచ్చి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజను ఇనుముకు పట్టించినం. సెల్ఫ్ గిర్రున తిరిగింది. 40,000 జబ్బు 200 రూపాయల పట్టీలో దాగి ఉండె. పట్టీ మార్చేటప్పుడు బ్యాటరీ మైనస్ తీగ ముందు విప్పాలి, బిగించేటప్పుడు అదే ఆఖరున బిగించాలి. గుర్తుంచుకోండి.

ఇంజను తిరిగింది గానీ అంటుకోలే. కాబట్టి రెండో మాట, కరెంటు. కాయిల్ నడిమి తీగను డెల్కో నుంచి ఊడదీసి, రబ్బరు పిడి పక్కడుతో ఇంజను ఇనుముకు అర సెంటీమీటరు దూరంల పట్టుకున్న. పెట్రోలు వాసన వచ్చే చోట ఈ పని చేయొద్దు. మంచి కరెంటైతే నీలంగా, టక్‌మని సప్పుడుతో దుంకుతది. ఇక్కడ పచ్చగా, సన్నగా వచ్చింది. డెల్కో మూత తీస్తే పాయింట్ల మీద బూజుపొర పట్టింది, ఏడాది నిలబడ్డ బండి కదా. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఫీలర్ గేజ్‌తో సందు 0.45 మిల్లీమీటర్లకు సరిచేసినం. కరెంటు నీలమైంది. డెల్కో తీగలు ఊడదీస్తే ఒక్కొక్కటే తియ్యాలి. ఈ ఇంజను వరుస 1-3-4-2. వరుస తప్పితే తుపాకీ పేలినట్టు పేలుతది.

మూడో మాట, పెట్రోలు. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన కాదు, వార్నిష్ వాసన. దాన్ని కింది బోల్టు నుంచి డబ్బాలకు దించేసి, మూడు లీటర్లు కొత్తది పోసినం. నోటితో గొట్టం పీల్చి తియ్యకండి. పెట్రోలు ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణానికే ముప్పు. తరువాత కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ తీగ ఊడదీసి ఉంచి, సెల్ఫ్ కొట్టినం. ఏసీ పంపు, అంటే ఇంజను మీద ఉండే పెట్రోలు పంపు, బాగుంటే పెట్రోలు చిమ్ముతూ చిమ్ముతూ పడుతది. పడ్డది. ఈ పని చేసేటప్పుడు బీడీ ముట్టించే మనిషిని దగ్గరికి రానియ్యొద్దు.

అన్నీ బిగించి చోక్ లాగి తాళం తిప్పితే, మూడోసారికి అంటుకుంది. మొదట నల్లపొగ వచ్చింది. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చోక్ లోపలికి నెట్టంగనే తగ్గింది. నీలంపొగ అయితే నూనె మండుతున్నట్టు, రింగులో వాల్వు గైడ్లో అరిగినట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటర్ల నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టు. మన బండికి ఈ రెండూ లేవు.

ఇంజను వేడెక్కినంక నాలుగో మాట కూడా అడిగినం. కంప్రెషన్ గేజ్ తెచ్చి నాలుగు సిలిండర్లూ చూస్తే, నాలుగూ పౌండ్లలో 120కి 130కి నడుమ ఉన్నయి. నాలుగూ దగ్గరదగ్గర ఉండుడే ముఖ్యం. ఒకటి బాగా తగ్గితే ఆ బెజ్జంల చెంచా నూనె పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగుల లోపం, పెరగకపోతే వాల్వు. ఇది చూడనిదే ఇంజను విప్పుతా అన్నోళ్లకు పైసా బయానా ఇయ్యకండి.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్తున్ననంటే, నేనూ ఒకసారి మునిగిన. 1984 ఎండాకాలంల నా టాక్సీ వేడెక్కంగనే ఆగిపోతుండె, సల్లబడితే నడుస్తుండె. గ్యారేజ్ మనిషి కార్బురేటర్ మార్చమన్నడు, అప్పు చేసి మార్చిన. మూడు రాత్రుల కమాయి పోయింది, రోగం పోలే. నాలుగో రాత్రి స్టాండుల ఒక ముసలి డ్రైవరు డెల్కో పక్కనున్న కండెన్సర్ మార్చిండు, కొద్ది రూపాయలదే. అంతే. వేడికి ఆగే బండికి ముందు కండెన్సర్, కాయిల్ చూడాలి. ఏసీ పంపు మీద తడిగుడ్డ వేస్తే మళ్లీ నడిచిందంటే పెట్రోలు ఆవిరై గొట్టంల అడ్డం పడ్డట్టు. అప్పటికి ఆ గుడ్డే వైద్యం.

సప్పుడు విని వదినె మూడో మాలె నుంచి దిగి వచ్చింది. కారు దగ్గరికి రాలే, మెట్ల మీదనే నిలబడి విన్నది. "గదే సప్పుడు" అన్నది. ఇంకేం మాట్లాడలే.

బండి అంటుకుంది గదా అని వెంటనే రోడ్డెక్కించొద్దని పిల్లగానికి చెప్పిన. ఏడాది నిలబడ్డ బండికి బ్రేకులు పట్టేస్తయి, టైర్లు పగులుతయి. అవి చూపించాలి. ఇంటి బండికి 15 ఏండ్లు దాటితే ఐదేండ్లకోసారి రిజిస్ట్రేషన్ కొత్త చేసుకోవాలి, ఇన్సూరెన్సు, పొగ కాగితం ఉండాలి.

సోమవారం భంగార్ మనిషి వచ్చి వట్టి చేతులతోని పోయిండు. మొత్తం ఖర్చు 1,000 రూపాయల లోపలే. బండిని ఉంచుకుంటరో అమ్ముతరో అది వాళ్ల ఇష్టం. అమ్మినా ఇప్పుడు నడిచే బండిగా అమ్ముతరు, తూకానికి కాదు.

మిక్సీ సంగతి వచ్చే నెల తప్పకుండా రాస్త. అందాక ఇంట్ల ఏ మిషను ఆగినా, పారేసే ముందు ఒక్కసారి దాని సప్పుడు వినండి.