విక్రేత మాట తప్పితే క్రేత ధర్మమేమి?



ధర్మశాస్త్రమనగానే ఆచమనం, ఆశౌచం, శ్రాద్ధం అనే ఆచారభాగమే నేటివారికి స్ఫురిస్తున్నది. ఆచారంతో సమానమైన గౌరవం గల వ్యవహారభాగం ఒకటి స్మృతులలో ఉన్నదనీ, అప్పు, కుదువ, కూలి, పొలిమేర, అమ్మకం, కొనుగోలు వంటి లౌకికవిషయాలన్నీ అందులో విచారింపబడ్డాయనీ చెబితే ఆశ్చర్యపడేవారున్నారు. మనువు పరిగణించిన అష్టాదశ వ్యవహారపదాలలో క్రయవిక్రయానుశయం ఒకటి. అనుశయమంటే పశ్చాత్తాపం. బేరం ముగిసిన పిదప కొన్నవాడు గాని, అమ్మినవాడు గాని మనసు మార్చుకొనడమే ఇక్కడి అనుశయం. నారదస్మృతి దీనిని రెండుగా విభజించింది. అమ్మి అప్పగించకపోవడం విక్రీయాసంప్రదానం; కొని వద్దనడం క్రీతానుశయం. ఈ వ్యాసానికి విషయం మొదటిది.

ఈ శాస్త్రభాగానికి నేడు మరల ప్రయోజనం కలిగింది. కారణం అంతర్జాల వేలం. మన దేశంలో ఇటువంటి వేలాన్ని ప్రచారం చేసిన బాజీ అనే సంస్థను 2004లో అమెరికాకు చెందిన ఈబే కొన్నది. ఈబే ఇండియా 2018లో మూతపడింది. వేలం మాత్రం ఆగలేదు. నాణేలు, పాత గ్రంథాలు, ఇత్తడి కంచు సామగ్రి, వాడిన వాహనాలు ఏదో ఒక వేదికపై పాటకు వస్తూనే ఉన్నవి. తిరుమల శ్రీవారికి భక్తులు సమర్పించిన గడియారాలు, సెల్‌ఫోన్లు కూడా రాష్ట్రప్రభుత్వపు ఈ-వేలం పోర్టల్ ద్వారానే అమ్ముతున్నారు. వస్తువును చూడకుండా, మనిషిని ఎరుగకుండా జరిగే ఈ క్రయంలో మాటకు గల విలువ మునుపటికంటె హెచ్చింది; మాట తప్పడం మునుపటికంటె సులభమైంది.

ఇందుకు ఒక ఉదాహరణం. మా కొలిమిగుండ్లలో నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక యువకుడు, తల్లికి స్వస్థత చేకూరితే ఆలయానికి కంచుగంట సమర్పిస్తానని మొక్కుకున్నాడు. ఆమె కోలుకున్నది. దూరప్రాంతపు వర్తకుడొకరు అంతర్జాలంలో వేలానికి పెట్టిన పదకొండు కిలోల గంటను అతడు 18,500 రూపాయలకు పాడి దక్కించుకున్నాడు, సొమ్ము చెల్లించాడు. మూడవనాడు విక్రేత నుండి సందేశం వచ్చింది: గంటలో పగులు కనబడింది, సొమ్ము తిరిగి పంపుతున్నాను అని. సొమ్ము వచ్చింది. వారం తిరగకముందే అదే గంట, అవే ఛాయాచిత్రాలతో, 26,000 రూపాయలకు అమ్మకానికి కనబడింది. “సామీ, నా సొమ్ము నాకు వచ్చింది గానీ, నా మొక్కు ఏమైనట్టు?” అని అతడు అడిగాడు.

ఊరిలో అతనికి లభించిన సలహాలు రెండు విధాలు. సొమ్ము వచ్చింది కదా, వదిలెయ్, వాడి కర్మ వాడే అనుభవిస్తాడు అన్నవారు కొందరు. వాడి పేరు పది చోట్ల పెట్టి దుమ్మెత్తిపొయ్యి అన్నవారు మరికొందరు. ఈ రెండూ ధర్మం కావని నా అభిప్రాయం. మొదటిది క్షమ వేషం ధరించిన ఆలస్యం. రెండవది న్యాయం వేషం ధరించిన క్రోధం. ఈ రెంటికీ నడుమ శాస్త్రం చూపిన మార్గం ఒకటున్నది.

ముందుగా విచారించవలసినది: విక్రయం ఎప్పుడు సిద్ధించింది? దేవాలయాలలో కొబ్బరికాయల అంగడికి గాని, తలనీలాల హక్కుకు గాని వేలం వేసినప్పుడు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పలకడం మనమంతా ఎరిగినదే. మూడోసారి అన్న పిదప పాటదారుడు వెనుకకు పోరాదు. పాట పెట్టినవారూ పోరాదు. 1930 నాటి వస్తువిక్రయ చట్టం 64వ విభాగం చెప్పేదీ ఇదే. సుత్తి దెబ్బతో గాని, వాడుకలో ఉన్న మరొక విధంగా గాని వేలం ముగిసినట్టు ప్రకటించడంతో విక్రయం పూర్తియగును. అంతవరకు పాటదారునికి తన పాటను ఉపసంహరించుకొనే స్వేచ్ఛ ఉన్నది. ఇంత ధరకు తక్కువైతే ఇవ్వనని ముందే ప్రకటించుకొనే హక్కు విక్రేతకూ ఉన్నది. అంతర్జాలంలో గడువు ముగిసి ‘మీరు గెలిచారు’ అన్న వాక్యం రావడమే సాధారణంగా ఆ మూడోసారికి ప్రతినిధి. అయినా ఆయా వేదికల నియమాలను పాటకు ముందే చదువుకొనడం మంచిది. యంత్రం ద్వారా కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకపోదని సమాచార సాంకేతిక చట్టానికి 2008లో జరిగిన సవరణ స్పష్టం చేసింది.

మూడోసారికి ముందు మనసు మార్చుకొనడం దోషం కాదు; ఒక్కొక్కప్పుడు అదే ధర్మం. 1898లో పిప్రహ్వా స్తూపంలో బుద్ధధాతువులతో కూడ లభించిన రత్నాలను, వాటిని త్రవ్వించిన పెప్పే వంశీయులు 2025 మే 7న హాంకాంగులో సోథెబీస్ ద్వారా వేలం వేయదలచారు. భారతప్రభుత్వం అభ్యంతరం తెలిపింది, వేలం నిలిచింది, జూలై నెలలో ఆ రత్నాలు స్వదేశానికి చేరాయి. పాట మొదలుకాకముందే ఆగినందువలన ఎవరికిచ్చిన మాటా తప్పలేదు. పూజ్యవస్తువు చేరవలసిన చోటికి చేరింది. కాబట్టి విక్రేత వెనుదిరిగాడనగానే దూషించరాదు. ఎప్పుడు, ఎందుకు అన్న రెండు ప్రశ్నలు ముందు అడగాలి.

‘ఎప్పుడు’ అన్నది తేలింది. ‘ఎందుకు’ అన్నదానికి కౌటిల్యుడు మంచి కొలత ఇచ్చాడు. అమ్మిన సరుకును అప్పగించనివానికి పన్నెండు పణాల దండం విధిస్తూ మూడు సందర్భాలను మినహాయించాడు. దోషం అంటే వస్తువులోనే లోపం ఉండడం. ఉపనిపాతం అంటే రాజు, చోరుడు, అగ్ని, జలం వీటివలన ఆపద కలగడం. అవిషహ్యం అంటే వస్తువు గుణహీనమై ఉండడం, లేదా ఆ విక్రయం ఆర్తుడైనవాడు చేసినది కావడం. నేటి విక్రేత చెప్పే కారణాన్ని ఈ మూడింటిలో దేనికైనా చేర్చగలమా అని చూడాలి. గంట నిజంగా పగిలి ఉంటే, ఆ సంగతి చెప్పి సొమ్ము తిరిగి ఇచ్చినవాడు సత్పురుషుడే, అతనికి నమస్కరించాలి. ఇంటిలో ఆపద వచ్చి అమ్మలేకపోయినవానిని మన్నించాలి. మరింత ధర వస్తుందన్న ఆశ మాత్రం ఈ మూడింటిలో దేనిలోనూ చేరదు.

మనువు పదిరోజుల గడువులో పునర్విచారానికి అవకాశమిచ్చాడు కదా, విక్రేతకు ఆ ఆధారం లేదా అని శాస్త్రజ్ఞులు అడగవచ్చు. ఆ గడువు పశ్చాత్తాపానికి ఉద్దేశించినది. పశ్చాత్తప్తుడు వస్తువును ఇంటిలో ఉంచుకుంటాడు. మరునాడే మరొకనికి హెచ్చు ధరకు చూపడు. యాజ్ఞవల్క్యుడు ఈ భేదాన్ని స్పష్టంగా గుర్తించాడు. వెల పుచ్చుకొని సరుకు ఇవ్వనివాడు దానిని లాభంతో కూడ ఇవ్వాలన్నాడు. ఒకనికి అమ్మినదానిని మరొకనికి అమ్మినా, దోషమున్న వస్తువును నిర్దోషమని అమ్మినా వెలకు రెట్టింపు దండమన్నాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర రచించగా, దానిని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమనే పేర తెనిగించాడు. అంటే ఈ న్యాయం ఏడు శతాబ్దాలకు పూర్వమే తెలుగువారికి తెలుగులోనే అందింది. బయానాకు మన భాషలో సంచకారమనే పేరున్నది. అది సత్యంకార శబ్దం నుండి పుట్టినది. మాటను సత్యం చేసేది కాబట్టి సత్యంకారం. అది పుచ్చుకొని తప్పినవాడు రెట్టింపు ఇవ్వాలని యాజ్ఞవల్క్యుడే విధించాడు.

ఒకే వస్తువు ఇద్దరికి చెందితే ఏమగునో భాగవత దశమస్కంధంలోని నృగోపాఖ్యానం చెబుతున్నది. ఒక విప్రునికి దానమిచ్చిన గోవు తప్పించుకొని రాజు మందలో కలిసింది. తెలియక ఆయన దానినే మరొకనికి దానమిచ్చాడు. ఇద్దరూ వచ్చి నాదంటే నాదన్నారు. లక్ష గోవులిస్తానన్నా వినక ఇద్దరూ వెళ్ళిపోయారు. అసంఖ్యాక గోదానాల పుణ్యం గల నృగుడు ఊసరవెల్లియై బావిలో పడి, శ్రీకృష్ణుని స్పర్శతో గాని విముక్తుడు కాలేదు. తెలియక చేసినదానికే ఇంత ఫలితమైతే, తెలిసి చేసినదాని సంగతి విక్రేతలు ఆలోచించుకోవాలి. క్రేతలకు కూడా ఇందులో బోధ ఉన్నది. లక్ష గోవులు ఇస్తానన్నా ఆ ఒక్క గోవే కావాలన్న పట్టుదల చేత ఆ విప్రులిద్దరికీ దక్కినదేమీ లేదు.

ఇక క్రేత కర్తవ్యం. మొదట సాక్ష్యాన్ని భద్రపరచాలి. వేలం పుట చిత్రం, గెలిచినట్టు వచ్చిన సందేశం, చెల్లింపు రసీదు, విక్రేతతో జరిగిన సంభాషణ, మరల అమ్మకానికి పెట్టిన పుట తేదీతో సహా దాచుకోవాలి. పిదప విక్రేతకు సౌమ్యంగా, ఒక గడువు తేదీ నిర్దేశించి వ్రాయాలి: వస్తువు పంపండి, లేదా నిజమైన కారణం తెలపండి. దూషణపదం ఒక్కటీ ఉండరాదు. ఆ పత్రం రేపు న్యాయాధికారి చదవవలసినది. అదే సమయంలో వేలం వేదికవారికి ఫిర్యాదు చేయాలి. సొమ్ము తిరిగి రాకపోతే, కార్డుతో చెల్లించినవారు తమ బ్యాంకుకు వెంటనే తెలపాలి. తిరిగి ఇస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపినా, పిన్ అడిగినా అది మోసమే. సొమ్ము పుచ్చుకొనడానికి పిన్‌తో పనిలేదు. మొదటినుండీ మోసమే అని తోస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

విక్రేత వర్తకుడైతే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం 1915 ఉన్నది. అక్కడ తీరనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. విక్రేత ఎంత దూరంలో ఉన్నా, ఫిర్యాదిదారుడు తాను నివసించే చోటనే దాఖలు చేయవచ్చునన్నది ఆ చట్టంలోని గొప్ప సౌకర్యం, అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, గడువు రెండేండ్లు. తన ఇంటి వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకొనే సామాన్యుడు వర్తకుడు కాడు; అతనిపై ఈ మార్గం సాధారణంగా చెల్లదు, సివిల్ న్యాయస్థానమే గతి. అక్కడ ఒప్పుకున్న ధరకూ అంగడి ధరకూ గల వ్యత్యాసం సాధారణంగా నష్టానికి కొలత. వస్తువు అనన్యమైనదైతే దానినే ఇప్పించమని కోరడానికి కూడా వస్తువిక్రయ చట్టం అవకాశమిస్తున్నది. అయితే అల్పమైన నష్టానికి ఏండ్ల తరబడి న్యాయస్థానం చుట్టూ తిరగడం వివేకం కాదు. వేదికవారికి ఫిర్యాదు, సత్యమాత్రమైన ఒక సమీక్ష, అంతటితో విడిచిపెట్టవచ్చు.

కర్మసిద్ధాంతాన్ని చెప్పి ఇంతమాత్రం కూడా చేయవద్దనేవారికి నా ప్రశ్న ఒకటే. క్షమించడానికి ముందు దండింపగల స్థితి ఉండాలి కదా? అడగడానికి బద్ధకించి, మరచిపోయి, దానికి క్షమ అని పేరు పెట్టడం ఆ సద్గుణాన్ని అవమానించడమే. కర్మఫలదాత ఈశ్వరుడే, ఫిర్యాదు వ్రాసే చేయి కూడా ఆయన ఇచ్చినదే. మనం మౌనంగా ఊరుకుంటే ఆ వర్తకుడు మరొక అమాయకుని వద్ద అదే పని చేస్తాడు. ఆ రెండవవాని నష్టంలో మన మౌనానికీ భాగముంటుంది. ఫిర్యాదు చేసిన పిదప ఫలితంపై ఆసక్తిని విడవడం నిష్కామకర్మ. ఏమీ చేయకుండా విడవడం నిష్కర్మ మాత్రమే.

మొక్కు విషయం. సంకల్పం దేవతను ఉద్దేశించినది. ఫలానా అంగడిలోని ఫలానా గంటను ఉద్దేశించినది కాదు. కొన్నవాని చేతికి రాకముందే ఆ గంటపై మమకారం ఏర్పడింది. అది పోయిందన్న దుఃఖం మొక్కు పేర బయటపడింది. ఇదే ఆ యువకునితో చెప్పాను. “నాయనా, నీ మాట స్వామితో, ఆ వర్తకుని మాట నీతో. ఆయన తప్పినందువలన నీది తప్పదు.” అతడు కార్తికమాసంలో మరొక గంటను, కొంత హెచ్చు వెలకే, సమర్పించాడు. దాని రసీదును కూడా ఫిర్యాదుకు జతపరచమన్నాను. అతని నష్టం ఎంతో చెప్పేది అదే. వ్యవహారం ఇంకా నడుస్తున్నది.

అమ్మేవారికి చివరగా ఒక మనవి. తక్కువ ధరకు పోతుందన్న భయముంటే కనీస ధరను ముందే ప్రకటించండి. చట్టం దానిని అనుమతిస్తున్నది. అది చేయక, మూడోసారి పలికించుకొని, తరువాత పగులు ఉన్నదని చెప్పకండి. లోహంలో లేని పగులును మాటతో కల్పిస్తే, అది పడేది మాటలోనే. పగిలిన గంటను కరిగించి మరల పోత పోయవచ్చు. పగిలిన నమ్మకానికి ఆ ఉపాయం లేదు.

స్వస్తి.