ఇంజిన్ మార్చిన డంపర్ ర్యాంపు ఎక్కే ముందు

వంద టన్నుల డంపర్ నిండితే సొంత బరువుతో కలిపి 160 టన్నులు దాటుతుంది. రామగుండం, గోదావరిఖని ఓపెన్‌కాస్టుల్లో ఆపరేటర్లు ఇంత భారంతో గని అడుగు నుంచి పైకి వస్తుంటారు. బండిలో క్లచ్ పెడల్ ఉండదు. గేర్లు వాటంతటవే మారతాయి. లోపల గేర్‌బాక్స్ ఏ స్థితిలో ఉందో సీట్లో కూర్చున్న మనిషికి కనిపించదు. అందుకే ఇంజిన్ మార్చిన బండిని స్టార్ట్ అయింది కదా అని హాల్ రోడ్డు మీదికి పంపడం ప్రమాదకరం. ఈ మాట ప్రమాదం జరిగాక కాకుండా ముందే చెప్పాలని మా ఉద్దేశం.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ముఖ్యంగా రెండు సంగతులు చూసుకుంటుంది. ఒకటి బండి వేగం, రెండోది యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్నది. గేరు ఎప్పుడు మార్చాలో ఈ రెండింటితో తేల్చుకుంటుంది. చాలా గేర్‌బాక్సుల్లో క్లచ్ ప్లేట్లను పట్టి ఉంచే ఆయిల్ ప్రెషర్ కూడా ఆ రెండో కబురు మీదే ఆధారపడుతుంది. పాత యంత్రాల్లో అది కేబుల్ ద్వారానో లింకు ద్వారానో, కొత్తవాటిలో సెన్సర్ వైరు ద్వారానో అందుతుంది. ఇంజిన్ మారితే మొదట తెగేది ఈ లంకే. కొత్త ఇంజిన్ లీవర్ పాతదాని అంత దూరం కదలకపోవచ్చు. సెన్సర్ వేరే వోల్టేజీ పంపవచ్చు, అసలు సెన్సరే లేకపోవచ్చు. అలాంటప్పుడు ఇంజిన్ పూర్తి బలంతో లాగుతుంటే లోపల ప్రెషర్ మాత్రం తక్కువగా ఉంటుంది. ప్లేట్లు జారతాయి, రాపిడికి వేడెక్కి మాడిపోతాయి.

అమెరికాలో పాత కార్లను మళ్లీ బాగుచేసేవాళ్లు ఈ పాఠం డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నారు. జనరల్ మోటార్స్ 1982 మోడళ్లతో తెచ్చిన 700ఆర్4 గేర్‌బాక్స్‌లో ప్రెషర్ అంతా థ్రాటిల్ నుంచి వచ్చే ఒక కేబుల్ మీద నడుస్తుంది. కార్బురేటర్ ఇంజిన్ బిగించి, ఆ కేబుల్‌ను సరైన కొలతలో కలపకపోతే కారు బాగానే కదులుతుంది, గేర్‌బాక్స్ మాత్రం కొద్ది దూరానికే కాలిపోతుంది. తర్వాత వచ్చిన 4ఎల్60-ఈ కంప్యూటర్ చెప్పినట్టు నడిచేది. కార్బురేటర్ దగ్గర కంప్యూటర్ ఉండదు కాబట్టి దానికి విడిగా కంట్రోలర్, థ్రాటిల్ సెన్సర్ పెట్టాల్సిందే. అక్కడ గేర్‌బాక్స్ పోతే కారు రోడ్డు పక్కన ఆగుతుంది.

మన డంపర్ ఆగేది ఏటవాలు మీద. హాల్ రోడ్డు వాలు మామూలుగా 16కు 1 మించకూడదన్నది గని నిబంధన. పొట్టి ర్యాంపుల మీద అది 10కి 1 దాకా ఉండొచ్చు. అలాంటి చోట నిండు బండికి లాగుడు పోతే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. వెనక ఇంకో డంపర్ ఎక్కుతూ ఉండొచ్చు, దాని వెనక జీపు ఉండొచ్చు. కొన్ని మోడళ్లలో దిగేటప్పుడు వేగాన్ని అదుపు చేసే రిటార్డర్ కూడా గేర్‌బాక్స్ ఆయిల్‌తోనే పనిచేస్తుంది. ఎక్కేటప్పుడు మరిగిన ఆయిల్‌తో దిగేటప్పుడు ఏ ధైర్యం ఉంటుంది? మే నెలలో గాలే 45 డిగ్రీలకు చేరే ప్రాంతం ఇది. ఆయిల్ చల్లబడే అవకాశం అసలే తక్కువ.

ఇంజిన్ మార్చినప్పుడు గేర్‌బాక్స్‌కు విడిగా పరీక్ష, విడిగా సంతకం ఉండాలని మేం కోరుతున్నాం. పెడల్ పూర్తిగా తొక్కితే ఆ కబురు గేర్‌బాక్స్ దాకా పూర్తిగా చేరుతోందా చూడాలి. గేజ్ పెట్టి ప్రెషర్ కొలవాలి. బ్రేకు పట్టి, గేరు వేసి స్టాల్ టెస్ట్ చేయాలి. చక్రాలు కదలకుండా ఇంజిన్ చుట్లు తయారీదారు చెప్పిన హద్దు దాటితే లోపల ప్లేట్లు జారుతున్నట్టు. ఇంత చేసినా ఒక్క షిఫ్టులో అయ్యే పనే. నిండు బండిని ర్యాంపు మీద పరీక్షించడం అన్నిటికన్నా చివర, వెనక ఎవరూ లేనప్పుడు జరగాలి.

ఆపరేటర్ మాటకు విలువ ఇవ్వడం కూడా అంతే ముఖ్యం. ‘బండి గుంజుతలేదు’ అని అతను చెబితే ట్రిప్పులు తప్పించుకోవడానికి చెబుతున్నాడనుకోవద్దు. ఆ బండి ఒంట్లో తేడా ముందుగా తెలిసేది అతని ఒంటికే. ఆ ఫిర్యాదు లాగ్‌బుక్‌లో చేరాలి. తర్వాతి షిఫ్టులో బండి తీసుకునే మనిషి దాన్ని చదివాకే తాళం తిప్పాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే, ఆ షిఫ్టులో ఎన్ని ట్రిప్పులు మిగిలి ఉన్నా సరే, ఆ డంపర్ వెళ్లాల్సింది వర్క్‌షాపుకే.