పాత రేడియో మళ్ళీ పలకాలంటే?

పిల్లలూ! ఆత్రేయపురంలో మీ తాతగారింటి అటకమీద పాత వాల్వు రేడియో దొరికిందనుకోండి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రాన్ని ఆనాటివాళ్ళు విన్నది ఇలాంటి పెట్టెల్లోనే. దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టేద్దామని మీకు తహతహ. ఆగండి! రేడియో కాలిపోవచ్చు, మీ ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఎందుకంటారా? లోపల కండెన్సర్లనే చిన్న గొట్టాలుంటాయి. మీ ఊళ్ళో పూతరేకులు చుట్టడం చూశారుగా? అలాగే రెండు పల్చని లోహపు రేకుల మధ్య మైనపు కాగితం పెట్టి వాటిని చుడతారు. ఆ కాగితమే కరెంటుకు అడ్డుకట్ట. తడి తగిలిన పూతరేకు మెత్తబడినట్టే, ఏళ్ళ తరబడి చెమ్మ పీల్చిన కాగితం పాడవుతుంది. కరెంటు పోకూడని చోటికి పోతుంది. తీగల మీది రబ్బరు కూడా పెళుసై రాలిపోతుంది.

అందుకే తెలిసిన మెకానిక్ ముందు వాటిని మారుస్తాడు. తరువాత రేడియోకు కరెంటు వెళ్ళే దారిలో ఒక 60 వాట్ల ఫిలమెంటు బల్బు కలుపుతాడు. బల్బు ధగధగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఒకసారి వెలిగి మందగిస్తే ఆశ ఉన్నట్టే!

ఇంకో సంగతి. ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కండెన్సర్లలో వందల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కనుక వెనుక అట్ట మీరు విప్పకండి.

మరి మీ పనేమిటి? పైచెక్కను పొడిగుడ్డతో తుడవండి. మెకానిక్ స్విచ్చి వేశాక తాతగారి పక్కన కూర్చోండి. వాల్వులు వేడెక్కడానికి అరనిమిషం పడుతుంది. ఆ కాస్త ఓపిక పడితే, పెట్టె గొంతు విప్పుతుంది!