సోదరీ సల్లాపము: కొండదారి మలుపులు



ఈ మాసము నాకందిన జాబులలో నొకదానిని మూడుమాఱులు చదివితిని. వ్రాసినది ఒక ఉపాధ్యాయిని. కాపురము శృంగవరపుకోటలో, పాఠశాల అరకులోయకు పోవు ఘాటురోడ్డుమీద, కొండపైన నొక పల్లెలో. బస్సువేళలు బడివేళలకు సరిపడవు. అందుచేత ఆరు మాసముల క్రిందట 125 సి.సి. మోటారుసైకిలు కొని, చదునునేలమీద చక్కగా నేర్చుకొన్నది. కార్తికమాసములో ఒక మలుపున ఇసుకపై బండి జారి పడినది. మోకాలు చీరుకొనిపోవుట తప్ప వేఱు గాయము లేదు. కాని ఆనాటినుండి మలుపు కనబడగానే చేతులు కొయ్యబాఱిపోవుచున్నవట. భర్త కొన్నాళ్లుగా దిగబెట్టి వచ్చుచున్నాడు. ఆయన కొలువునకు ఆలస్యమగుచున్నది. అత్తగారు "పోనీ, ఉద్యోగము మానుకోరాదా తల్లీ" యని మెల్లగా అనుచున్నారట. జాబు చివర నామె యడిగినది: "అక్కయ్యగారూ, ధైర్యము పుట్టుకతోనే రావలెనా? నాకిక రాదా?"

చెల్లెలా, "ధైర్యము తెచ్చుకొనుము" అని ఒక్క ముక్క వ్రాసి ఊరకుండుట నాకు సులభమే. ఆ మాటవలన ఇంతవఱకు ఒక్క బండియైనను మలుపు తిరిగినట్లు నేనెఱుగను. నీ వెఱపు పిఱికితనము కాదు. మలుపులో ఏమి చేయవలెనో తెలియని చేతులు బిగిసికొనినవి, అంతే. చేయవలసిన పని తెలిసినచో అవియే సడలును.

నా సంగతి చెప్పెదను. నలువది దాటిన పిమ్మట నేను బండి నేర్చితిని. ఆ ఘాటురోడ్డుననే, అనంతగిరికి ఇవతల, మలుపులో ఒక కల్వర్టు పిట్టగోడ కనబడినది. "దీనికి తగులుదునేమో" యని దానినే చూచుచుంటిని. చూచుచు చూచుచు పోయి దానికే తగిలితిని. ఎడమ అద్దము విఱిగినది. నా గర్వము మఱికొంత విఱిగినది. తరువాత తెలిసికొన్నది ఏమనగా, కన్ను ఎటు పోవునో చేయి అటు పోవును, చేయి ఎటు పోవునో బండి అటు పోవును. భయపడిన వస్తువునే తదేకముగా చూచుట మనుష్య స్వభావము. కావున లోయను గాని, రాతిని గాని, ఎదురువచ్చు లారీ చక్రమును గాని చూడక, మలుపు అవతల రోడ్డు ఎటు తిరిగిపోవుచున్నదో అటు తల త్రిప్పి చూడుము. కన్నులు మాత్రమే కాదు, గడ్డము కూడ అటు తిరుగవలెను.

రెండవది, నా మాటలలో ముఖ్యమైనది: మలుపులో చేయవలసిన పనులలో ముప్పాతిక మలుపు రాకముందే ముగిసిపోవలెను. చుట్టములు పీటలమీద కూర్చున్న పిదప పొయ్యి రాజేయు ఇల్లాలు ఉండునా? వేగము తగ్గించుట, గేరు దింపుట, హారను మ్రోగించుట, ఇవన్నియు బండి ఇంకను నిట్టనిలువుగా, తిన్నగా పోవుచుండగానే జరిగిపోవలెను. మలుపులో ప్రవేశించిన పిమ్మట ఎక్సిలరేటరును సన్నగా, ఒకే తీరున పట్టియుంచుటయే పని. మలుపు నడుమ బెదరి ముందు బ్రేకును గట్టిగా నొక్కినచో చక్రము జారవచ్చును. లేదా వంగిన బండి లేచి నిలిచి, తిరుగుట మాని రోడ్డు వెలుపలి అంచునకు పోవును.

వేగమును గూర్చి ఒక్క లెక్క చెప్పెదను. గంటకు 20 కిలోమీటర్ల వేగమును 40 చేసినచో, బండిని అదే మలుపులో పట్టి యుంచుటకు టైరు చూపవలసిన బలము రెండింతలు కాదు, నాలుగింతలు. బ్రేకు వేసినపిమ్మట ఆగుటకు పట్టు దూరమును అట్లే నాలుగింతలగును. మఱి ఏ మలుపునకు ఎంత వేగము తగును? దూరముగా చూచినచో రోడ్డు రెండు అంచులును ఒకచోట కలిసినట్లు కనబడును గదా. నీవు పోవుకొలది ఆ చోటు వెనుకకు జరుగుచున్నచో మలుపు విచ్చుకొనుచున్నదని అర్థము. అది నీ మీదికి వచ్చుచున్నచో వెంటనే తగ్గింపుము. ఏ పలక లేకున్నను కొండయే చెప్పు గుర్తు ఇది.

ఇంకొక వింత కలదు. కొంచెము వేగము అందుకొన్న బండిని ఎడమకు త్రిప్పుటకు ఎడమచేతి హ్యాండిలును ముందునకు నెమ్మదిగా నెట్టవలెను. వినుటకు తలక్రిందులుగా నున్నది గాని, అట్లు నెట్టగానే బండి ఎడమకు వంగి, ఎడమకే తిరుగును. సైకిలు తొక్కువారందఱును తెలియకయే ఇట్లు చేయుచున్నారని విమానము కనిపెట్టిన రైటు సోదరులలో పెద్దవాడైన విల్బరు గమనించెను. వారు మొదట సైకిళ్ల వ్యాపారులు గదా. తెలియక చేయుదానిని తెలిసి చేసినచో మలుపునందు బండి నీ మాట వినుచున్నట్లు తోచును. దీనిని ముందు ఖాళీ మైదానములో అభ్యసింపుము, కొండమీద కాదు.

హెయిర్‌పిన్ మలుపు పేరు మన తలపిన్నునుండి వచ్చినదే. అందు ఎక్కునప్పుడు ఎడమవైపు తిరుగు మలుపునకు లోపలి అంచు మిక్కిలి నిట్టగా నుండును. దానిని అంటిపెట్టుకొని పోయినచో బండి బలము చాలక ఆగిపోయి ప్రక్కకు వాలును. నీ సగము రోడ్డులోనే కొంచెము వెడల్పుగా తిరుగుము, మధ్యగీతకు మాత్రము దూరముగా నుండుము. బస్సులు ఆ మలుపులు తిరుగునప్పుడు తమ సగమే గాక మన సగమును కూడ కొంత తీసికొనును. బస్సు కనబడినచో మలుపునకు ముందే ఎడమకు ఆగి, దానిని పోనిమ్ము. దిగు బండి, ఎక్కు బండికి దారి ఈయవలెననుట మన దేశపు రోడ్డు నిబంధన. సాయంకాలము దిగునపుడు అది నీకు గుర్తుండవలెను.

ఎక్కుటకంటె దిగుట కష్టము. ఎక్కునప్పుడు కొండయే వేగమును తగ్గించును. దిగునప్పుడు అదే వెనుకనుండి నెట్టును. గేరుబండియైనచో, ఎక్కుటకు ఏ గేరు వాడితివో దిగుటకు ఇంచుమించు ఆ గేరే వాడుము. ఇంజనే బండిని వెనుకకు పట్టి యుంచును. క్లచ్చి పట్టుకొనిగాని, న్యూట్రలులోగాని జారుచు దిగి, పెట్రోలు మిగిలినదని సంతోషించువారిని నేనెఱుగుదును. వారు బ్రేకుమీదనే బ్రతుకు పెట్టుకొన్నవారు. ఎడతెగక నొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు వదలును. గేర్లు లేని స్కూటరుమీద పోవు సోదరీమణులకు ఇంజను సాయము తక్కువ. వారు దిగుదారిలో నడుమనడుమ ఆగి బ్రేకులను చల్లాఱనీయవలెను. ఆగిన చోట గాలికొండ గాలి ఉచితము.

నిన్ను పడద్రోసిన ఇసుక మాట. వానకాలమున వాగులు రోడ్డుమీదికి తెచ్చిన ఇసుకయు సన్నరాయియు తఱచు మలుపు అంచులలో చేరి యుండును. అది కనబడినచో ముందే వేగము తగ్గించి, దానిమీద బండిని వంపక, బ్రేకు ముట్టక, తిన్నగా దాటిపొమ్ము. 2019 ఏప్రిలు నుండి మన దేశములో అమ్ము 125 సి.సి. దాటిన బండ్లకు చక్రము బిగిసిపోనీయని ఏ.బి.యస్. బ్రేకులును, అంతకు లోపలివానికి రెండు చక్రములకును కలిసి పనిచేయు బ్రేకులును తప్పనిసరి చేసిరి. మంచిదే. కాని వంగియున్న బండిని ఇసుకమీద నిలుపగల బ్రేకును ఇంకను ఎవరును చేయలేదు.

వేషమును గూర్చి: హెల్మెట్టు పట్టీ బిగించియే పెట్టుకొనవలెను, చున్నీ లోపలికి ముడివేసి, చేతులకు తొడుగులు, మడమలు కప్పు బూట్లు ధరింపవలెను. వెనుక కూర్చుండువారి వస్త్రములు చక్రములో చిక్కకుండ అడ్డు ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది. చూచుటకు బాగులేదని దానిని ఊడదీయించు మగవారితో నేను వాదించి అలసితిని.

"ఆడదానికి కొండదారి ఏల" అను బంధువులు ఉన్నారని వ్రాసితివి. వారికి వాన్ బ్యూరెన్ సోదరీమణుల కథ చెప్పుము. అగస్టా, ఆడలైన్ అను అక్కచెల్లెండ్రు 1916 జూలైలో న్యూయార్కు నుండి రెండు మోటారుసైకిళ్లమీద బయలుదేరి, అమెరికాను అడ్డముగా దాటి, సెప్టెంబరులో పసిఫికు తీరము చేరిరి. నడుమ 14,000 అడుగులకు మించిన పైక్స్ పీకు శిఖరమునకు బండ్లమీదనే ఎక్కిరి. అప్పటి రోడ్లు ఎట్టివో ఊహించుకొనుము. సైన్యములో వార్తలు మోయుటకు స్త్రీలు తగుదురని చూపుటకే వారు పోయిరి. సైన్యము మాత్రము వారిని తీసికొనలేదు. దారిలో వారిని పట్టి నిలిపిన పోలీసుల ఆక్షేపణ బండినిగూర్చి కాదు, వారు పురుషులవలె తోలుదుస్తులు తొడిగిరని!

ఇక నీవు చేయవలసినది. ఆదివారము ఉదయము, మంచు విడిచిన పిమ్మట, లారీలు పెరుగకముందు బయలుదేరుము. మొదటి మూడు మలుపులే ఎక్కి, వెడల్పైన చోట త్రిప్పుకొని దిగిరమ్ము. అవే మలుపులను నాలుగైదు మాఱులు. విసుగు పుట్టువఱకు పొమ్ము. విసుగు పుట్టినచోట భయము నిలువలేదు. పై వారము మఱి రెండు మలుపులు. నీ పతి వెంట వచ్చినచో వేఱు బండిమీద, నీ వెనుక, దూరముగా రావలెను. నీ వెనుక సీటుమీద కూర్చుండి "అదిగో, ఇదిగో" అనుచు ఉపదేశము చేయుటకు కొన్ని నెలలు సెలవిమ్మనుము. బరువు చాలక కాదు, ఉపదేశము ఎక్కువగుట వలన. వెనుకనుండి కారువాడు హారను కొట్టినచో తొందరపడక, చోటున్నప్పుడు ఎడమకు ఒదిగి పోనిమ్ము. చేతులు బిగిసినచో మోకాళ్లతో ట్యాంకును పట్టుకొని, మోచేతులను కోడిరెక్కలవలె వదులుగా ఆడించి చూడుము. అప్పటికిని సడలకున్నచో ఆనాటికి తిరిగిరమ్ము.

అత్తగారితో ఉద్యోగము మాట ఇప్పుడే తేల్చవలదు. మూడు మాసముల గడువు అడుగుము. అంతవఱకు బడిదినములలో నీ పతి దిగబెట్టుటో, బస్సుకై కొంత ముందు లేచుటో జరుగవలసినదే. కొండపైనున్న ఆ పిల్లలు పంతులమ్మ బండి చప్పుడు వినుటకు అలవాటుపడిన వారని నీవే వ్రాసితివి గదా.

ఈ జాబు నచ్చునకు పంపుటకు ముందే ఆమెకు నేను ఇందలి సంగతులను విడిగా వ్రాసితిని. నిన్న ఒక కార్డు వచ్చినది. రెండు ఆదివారములలో అయిదు మలుపులు ఎక్కినదట. ఆఱవదాని దగ్గఱ మంచు క్రమ్మగా బండి త్రిప్పుకొని వచ్చి, శృంగవరపుకోటలో అత్తగారికి వేడి ఇడ్లీలు కట్టించుకొని పోయినదట.