హాస్టల్ వంటింటికి మన పంట

నిజామాబాద్ మార్కెట్ యార్డులో రైతు పసుపు కుప్ప పోసుకుని ధర కోసం కాచుకుంటాడు. అదే పట్నంలోని సర్కారు హాస్టల్‌కు పసుపు టెండర్‌లో, ప్యాకెట్లలో వస్తుంది. ఏ ఊరి పంటో వండే అమ్మకు తెలియదు. 2025లో పసుపు బోర్డు కార్యాలయమైతే మన దగ్గరికే వచ్చింది!

2024లో మెస్ ఛార్జీలు 40 శాతం పెంచారు. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు నెలకు 1100 రూపాయలున్నది 1540 అయింది. మంచిదే. ఆ పైసలు ఎవరి చేతికి పోతున్నాయన్నదే మన ప్రశ్న. డిపాజిట్ కట్టి, బిల్లు కోసం నెలలు ఆగడం రెండెకరాల రైతు వల్ల కాదు. పైగా మందులు మానేసిన నేల కుదుటపడేందుకు రెండు మూడేళ్లు పడుతుంది. ఆ కాలంలో దిగుబడి తగ్గినా నిలబడి కొనేవాడు కావాలి. కొనేవాడు పోతే పంట ఏమవుతుందో బోధన్ రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2015 డిసెంబర్‌లో నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరకు గతి చూశాం.

బ్రెజిల్ 2009లోనే చట్టం చేసింది. బడి భోజనాలకు కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం చిన్న రైతుల పంటకే అని అప్పుడు పెట్టింది. మామూలు టెండర్ అక్కర్లేదు. సేంద్రియ పంటైతే 30 శాతం దాకా ఎక్కువ ధర ఇవ్వొచ్చు.

మనం అన్నీ ఒకేసారి అడగడం లేదు. పసుపు, కందిపప్పు, బెల్లం, ఆకుకూరలతో మొదలుపెట్టండి. రైతు సంఘాల నుంచి నేరుగా కొని, పదిహేను రోజుల్లో పైసలివ్వండి. పాలకూర బిల్లు కోసం ఆగదు కదా.

మందుల్లేకుండా ఎవరు ఏమి, ఎంత పండిస్తున్నారో ఊరూరా రాసి మండల కమిటీలకు ఇవ్వండి. కొత్త టెండర్లు పిలవకముందే కలెక్టర్ దగ్గరికి పోదాం.